రివర్సు గేరు లేని మామగారు

మామగారికి వెనక్కి తిరగడం రాదు. కాళ్ళకేదో జబ్బనుకునేరు, కాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. వెళ్ళిన దారినే తిరిగి రావడం అన్నది మాత్రం ఆయన జాతకంలో లేదు. పక్కింటికెళ్ళి కాస్త పంచదార అడిగి తెమ్మంటే, తీసుకుని, వాళ్ళ పెరట్లోంచి వెనక సందులో పడి, సందు చివర కుట్టుమిషనాయన్ని పలకరించి, బజారు మీదుగా వీధంతా చుట్టబెట్టి, అవతలి పక్కనుంచి ఇంటికి చేరతారు. ఈలోగా ఇంట్లో టీ కాచి, చల్లార్చి, మళ్ళీ కాచి, విసుగెత్తి పంచదార లేకుండానే తాగేసి ఉంటారు.

ఈ గుణం ఉద్యోగంలో పట్టుకుంది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. నడిపింది చుట్టు రూటు. ఆ బస్సుకి మొదటి స్టేజీ లేదు, చివరి స్టేజీ లేదు, ఊరి చుట్టూ గానుగెద్దులా తిరగడమే. బస్సుకి రివర్సు గేరు ఉన్న సంగతి ఆయనకి తెలుసు. కానీ దాన్ని ముట్టుకోవడం డ్రైవరుకి తలవంపులని ఆయన నమ్మకం. రిటైరయ్యాక బస్సు డిపోలో ఉండిపోయింది గానీ రూటు ఆయన వెంటే ఇంటికొచ్చేసింది. జనం ఆయన్ని ముద్దుగా 'వన్‌వే గారు' అనేవాళ్ళు.

కోడలు కాపురానికొచ్చిన మర్నాడే అత్తగారు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తన చెప్పు కథ చెప్పారు.

"పెళ్ళైన కొత్తలో సినిమాకి బయల్దేరామమ్మా. సందు మలుపులో నా ఎడమకాలి చెప్పు జారిపోయింది. నాలుగడుగులేశాక చూసుకుని 'ఏవండీ, నా చెప్పు' అన్నాను. ఏమన్నారో తెలుసా? 'వెనక్కెందుకే, ఇలా ముందుకెళ్తే అటునుంచి దాని దగ్గరికే వస్తాం' అన్నారు."

"వచ్చారా అత్తయ్యా?"

"వచ్చాం. మార్కెట్టు చూపించారు, రైలు స్టేషను చూపించారు, ఆయన డిపో కూడా చూపించారు. ఒంటికాలి చెప్పుతో ఊరంతా ఊరేగి చెప్పు దగ్గరికొచ్చేసరికి సినిమా వదిలేశారు. ఈయన్ని కట్టుకున్నాక వెళ్ళిన దారిన ఇంటికొచ్చిన పాపాన పోలేదు."

నవ్వాలో జాలిపడాలో కోడలికి తెలియలేదు. ఆ ఇంట్లో ఆమెకు అదే మొదటి అయోమయం. ఆ తర్వాతివాటికి లెక్కలేదు.

నిజం చెప్పాలంటే, పాత ఇంట్లో ఉన్నంతకాలం మామగారి విద్య ఎవరికీ అడ్డు రాలేదు. పాత ఊళ్ళో ఏ సందులో దూరినా ఏదో ఒక వీధిలో తేలవచ్చు. మంగలి షాపుకి బజారు వైపొక తలుపు, సందు వైపొక తలుపు. క్షవరానికెళ్ళినవాళ్ళు ఒక వీధిలో జుట్టుతో మాయమై, ఇంకో వీధిలో గుండుతో ప్రత్యక్షమయ్యేవాళ్ళు. జనం నడిచి నడిచి వేసుకున్న దారులవి. వాటికి కొసలుండేవి కావు. అలాంటి చోట వెనక్కి తిరగనివాడు వింత మనిషేమీ కాదు, కాస్త తీరుబడి ఉన్న మనిషి, అంతే.

తర్వాత ఊరు పెరిగింది. పెరగడమంటే ఒక పద్ధతా పాడా? ఊరి చివర పొలం కొన్నవాడల్లా తన ముక్కలో తన వీధులు వేసుకున్నాడు. పక్కవాడి జనం తన రోడ్డు మీద ఎక్కడ నడుస్తారోనని చుట్టూ గోడ కట్టాడు. పక్కవాడు తక్కువ తిన్నాడా, వాడూ కట్టాడు. ఇళ్ళు పెరిగాయి, గోడలు పెరిగాయి, దారులు మాత్రం కుక్కపిల్ల తోకల్లా ముడుచుకుపోయాయి. అలాంటి ఒక కాలనీలో కోడలి భర్త బ్యాంకు అప్పు తీసుకుని ఇల్లు కొన్నాడు. కుటుంబమంతా అక్కడికి మారింది.

ఆ కాలనీ వేసినవాడికి తిన్నని గీత గీయడం రాదేమోనని కోడలికి ఇప్పటికీ అనుమానం. ప్రతి వీధీ వంకర తిరిగి, ఇంకో వంకర తిరిగి, చివరికి గోడకి తల ఆనించి నిద్రపోతుంది. ఇళ్ళన్నిటికీ ఒకటే రంగు, ఒకటే గుమ్మం, గుమ్మం ముందు ఒకే రకం పూలకుండీ. మొదటి వారంలోనే కోడలు కూరగాయల సంచీతో ఇంటికొచ్చి, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికెళ్ళి, వంకాయలు టమాటాలు ఫ్రిజ్‌లో సర్ది, చల్లటి నీళ్ళు తాగి, అప్పుడు చూసింది, కిటికీ తెరలు మారిపోయి ఉన్నాయి.

"అత్తయ్యా, తెరలు ఎప్పుడు మార్చారు?" అని కేక వేసింది.

లోపలి గదిలోంచి ఎన్నడూ చూడని ఒక పెద్దావిడ వచ్చింది. "నేను మార్చలేదమ్మా. మొదట్నుంచీ అవే. ఇంతకీ నువ్వెవరు?"

కోడలు వంకాయలు అక్కడే వదిలేసి పరిగెత్తింది. ఆ పెద్దావిడ ఇల్లు వీళ్ళ వీధి చివర, గోడకి ఆనుకుని ఉంటుంది. ఆ రోజు నుంచి కోడలి మనసులో ఆవిడ పేరు ఫ్రిజ్ పెద్దమ్మ. సిగ్గుతో మళ్ళీ అటువైపు పోలేదు.

ఇది సరదా. అసలు కష్టం ఉద్యోగం దగ్గరొచ్చింది.

కోడలు పళ్ళ ఆసుపత్రిలో పనిచేస్తుంది. పొద్దున్నే తాళం తీసి, లైట్లు వేసి, బుగ్గలు పట్టుకుని మెట్లమీద కూర్చున్నవాళ్ళని వరసలో పెట్టడం ఆమె పని. ఆ పనంటే ప్రాణం. ఏడుస్తూ వచ్చినవాళ్ళు నవ్వుతూ పోయే చోటు ఊళ్ళో ఇంకెక్కడుంది అంటుంది. తమాషా ఏమిటంటే, కొత్త ఇంటి డాబా ఎక్కితే ఆ ఆసుపత్రి నెత్తిన పెట్టిన పెద్ద తెల్ల పన్ను బొమ్మ కనిపిస్తుంది. కాలనీ వెనక గోడకి అవతలే. కేకేస్తే వినపడేంత దగ్గర.

కానీ కాలనీకి ఒకటే గేటు, అదీ ముందువైపు. ఆ గేటు దాటి, పక్క రోడ్డు పట్టుకుని, బస్సెక్కి, ఫ్లైఓవరెక్కి, అది ఎక్కడ దించితే అక్కడ దిగి, యూటర్న్ తిరిగొచ్చే ఇంకో బస్సెక్కి వెళ్ళాలి. ముక్కెక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు. ఇంట్లోంచి ఎంత పెందలాడే బయల్దేరినా ఆమె వెళ్ళేసరికి రోగులు మెట్లమీద మూలుగుతూ ఉండేవాళ్ళు. ఒకరోజు డాక్టరమ్మ కూడా వాళ్ళ పక్కనే మెట్టుమీద కూర్చుని ఉంది.

"నువ్వు మంచి పనిమంతురాలివే," అంది డాక్టరమ్మ, "కానీ నా ఆసుపత్రి ముందు నేనే కాపలా కూర్చోలేను కదా! వచ్చే నెల మొదటి తారీఖు నుంచి టైముకి తలుపు తెరుచుకోకపోతే ఇంకెవర్నైనా చూసుకుంటాను. ఏమీ అనుకోకు."

ఆ సాయంత్రం కోడలు డాబా మీద నిలబడి పన్ను బొమ్మకేసి చూస్తూ కళ్ళు తుడుచుకుంది. "పోనీ మానెయ్, ఇంటి దగ్గర్లో ఇంకోటి చూసుకుందాం" అన్నాడు భర్త. "ఇంతకన్నా దగ్గర్లోనా?" అని ఆమె అరిచింది. అతను మెల్లిగా కిందికి దిగిపోయాడు.

అప్పుడు మామగారు డాబా మీదికొచ్చారు. "దగ్గరే కదమ్మా" అన్నారు పన్నుని చూస్తూ.

"దగ్గరే మామయ్యా. దారే లేదు."

మామగారు తల గోక్కున్నారు. "దారి లేకపోవడమేమిటి?" అన్నారు, ఆ మాట మొదటిసారి విన్నట్టు. అంతకు మించి ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. ఈయనకి మనుషుల కష్టం ఎక్కదు కాబోలు అనుకుంది కోడలు.

ఆ మర్నాటి నుంచి ఆయన పిచ్చి ముదిరింది.

పాత ఊళ్ళో అయితే వీధుల్లోంచి వెళ్ళేవారు. ఇక్కడ అవతలికి తేలే వీధులు లేవు కాబట్టి ఇళ్ళలోంచి వెళ్ళడం మొదలుపెట్టారు. వీధి చివర గోడ ఎదురైతే ఎవరైనా ఏం చేస్తారు? వెనక్కి తిరుగుతారు. ఈయన తిరగరు కదా! దగ్గర్లో ఉన్న ఇంటి తలుపు తట్టి, "నమస్కారమండీ, మీ పెరటి తలుపు ఎటు తెరుచుకుంటుంది?" అని అడిగేవారు. ఎదుటివాళ్ళు ఆ ప్రశ్నకి తేరుకునేలోపు వంటింట్లో ఉండేవారు.

మొదటి ఫోను ఫ్రిజ్ పెద్దమ్మ నుంచి వచ్చింది.

"అమ్మాయ్, మీ మామగారు మా వంటింట్లోంచి వెళ్ళారు."

"అయ్యయ్యో, క్షమించండి పెద్దమ్మా! ఇంకోసారి జరగదు!" అని కోడలు ఠక్కున ఫోను పెట్టేసింది. వంకాయల ప్రస్తావన ఎక్కడొస్తుందోనని భయం.

రెండోది వెనక వరసలో ఉండే పాటల మాస్టారు. "మీ మామగారు నేను పాఠం చెబుతుంటే మధ్యలోంచి నడిచి వెళ్ళారమ్మా. పరీక్ష పెట్టడానికొచ్చినవారనుకుని పిల్లలందరూ లేచి నిలబడ్డారు..."

"తప్పైపోయింది మాస్టారూ! ఆయన తరఫున నేను..." అని మళ్ళీ పెట్టేసింది.

మూడో ఫోనుకి మాత్రం ఆమె గుండె జారింది. అది కాలనీ కార్యదర్శి. ఈయనకి గోడలంటే మహా ఇష్టం. కాలనీకి ఇంకో గేటు పెట్టమని ఎవరడిగినా 'గేటు పెడితే గోడ ఎందుకు?' అనేవాడు. ఆయన ఇల్లు కాలనీ వెనక గోడకి ఆనుకునే ఉంటుంది. ఆ పెరటి గోడలో ఎప్పుడూ తాళం వేసి ఉండే సొంత గేటొకటి ఉంది.

"మీ మామగారు మా పెరట్లో నిలబడి, వెనక గేటు తాళంకేసి చూస్తున్నారు. ఏమిటండీ అంటే 'తాళం చెవి మీ దగ్గరుందా, పారేశారా?' అని నన్నే ఎదురడుగుతున్నారు! ఇదేమన్నా బస్టాండనుకున్నారా? ఆదివారం మీ ఇంటికే వచ్చి ఈ సంగతి తేల్చేస్తాం."

భర్త తలపట్టుకున్నాడు. "నాన్నా, మీకు దండం పెడతాను. ఆదివారం దాకా గడప దాటకండి."

"ఎందుకురా?"

"జనం మనల్ని కాలనీలోంచి వెళ్ళగొడతారు నాన్నా."

మామగారు ఏదో చెప్పబోయి, కోడలి మొహం చూసి మానేశారు. బుద్ధిగా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. డిపోలో పెట్టేసిన బస్సులా ఉన్నారనిపించింది కోడలికి. ఆయన్ని చూస్తే కోపం, ఆ వెంటనే కోపమొచ్చినందుకు తన మీదే కోపం. మొదటి తారీఖు సోమవారం. ఆ లోపు ఉద్యోగం గురించి ఏడవాలో, మామగారి గురించి తలదించుకోవాలో ఆమెకు తేలడం లేదు.

ఆదివారం రానే వచ్చింది. హాల్లో కుర్చీలు వేశారు. కార్యదర్శి, ఆయన భార్య, పాటల మాస్టారు, ఫ్రిజ్ పెద్దమ్మ వచ్చి కూర్చున్నారు. కార్యదర్శి తలచుట్టూ మఫ్లరు కట్టుకుని ఉన్నాడు. కుడి బుగ్గ బూరెలా పొంగింది. అంత కంగారులోనూ కోడలి కళ్ళు ఆ బుగ్గ మీదే ఆగాయి. కింది వరస, చివరి దవడ పన్ను, అనుకుంది.

పెద్దమ్మ గొంతు సవరించుకుంది. "ఏమండీ వన్‌వే గారూ, ఏమిటీ అన్యాయం?"

కోడలు చేతులు జోడించింది. "పెద్దమ్మా, క్షమించండి. ఆయన ఇకమీదట మీ ఇంటికి..."

"రానేలేదు! బుధవారం నుంచి రానేలేదు! నా పచ్చడి సీసా మూత తీసేవాళ్ళు లేక అలాగే పడుంది."



"నాదీ అదే ఫిర్యాదు," అన్నారు పాటల మాస్టారు. "రోజూ పెద్దమ్మగారు చదివేసిన పేపరు నాకు తెచ్చిచ్చేవారు. ఇప్పుడు ఊళ్ళో ఏం జరుగుతోందో నాకు తెలియడం లేదు."

"మీరు ఫోన్లో ఫిర్యాదు చేశారు కదా?" అంది కోడలు.

"నన్ను మాట పూర్తి చెయ్యనిచ్చావా తల్లీ? పిల్లలు లేచి నిలబడ్డారు, ఆయన కూర్చోమని చెప్పి పాటంతా విన్నారు, మర్నాడు కూడా పంపించమ్మా అని చెబుదామనుకున్నాను. నువ్వు ఠపీమని పెట్టేశావు."

"నాకూ అంతే చేసింది," అంది పెద్దమ్మ. "అమ్మాయ్, నేనీ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ మా పెరటివైపు పాట వినిపించేది. ఎవరింట్లోదో రేడియో అనుకునేదాన్ని. మీ మామగారు మా పెరటి ఇనప తలుపు ఊడబెరికి, మురుగు కాలువ సందు దాటించి, అవతల తలుపు కొట్టి, 'ఇదిగో మీ రేడియో' అని మాస్టారిని చూపించారు. ఇద్దరి పెరళ్ళకీ మధ్య ఆ సందే అడ్డం. ఇన్నాళ్ళూ మొహాలు తెలియవు!"

భర్త అయోమయంగా తండ్రికేసి చూశాడు. అత్తగారు అయోమయంగా అందరికేసీ చూశారు.

"ఇంతకీ నువ్వెందుకు రావడం లేదు?" అంది పెద్దమ్మ ఈసారి కోడలితో.

"నేనా? ఎక్కడికి?"

"మా ఇంట్లోంచి! పొద్దున్నే మా కోడలు డ్యూటీకి ఇటుగా వెళుతుంది, రెండు తలుపులూ తీసి ఉంచండి అని మీ మామగారు చెప్పారు. రోజూ తెల్లారగానే తీసి కూర్చుంటున్నాను. పిల్లులొస్తున్నాయి గానీ నువ్వు రావడం లేదు."

"నేనూ తీసి ఉంచుతున్నాను," అన్నారు మాస్టారు.

 కోడలు మామగారివైపు తిరిగింది.

"మామయ్యా, నాకు చెప్పలేదేం?"

మామగారు తప్పు చేసినవాడిలా నేలచూపులు చూశారు. "ఎలా చెప్పనమ్మా! పెద్దమ్మగారి స్టేజీ వచ్చింది, మాస్టారి స్టేజీ వచ్చింది. ఇక కార్యదర్శిగారి ఇల్లొక్కటే. వారి వెనక గేటు తెరిస్తే ఆసుపత్రి సందే. ఆ తాళం దగ్గరే ఆగిపోయింది. మధ్యలో ఒక్క స్టేజీ తెగినా బస్సు రోడ్డెక్కించకూడదు. నిన్ను గోడ దాకా తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి తిరగమనాలా?"

ఆ చివరి మాట ఆయన ఎంత బాధగా అన్నారంటే, కోడలికి కళ్ళు చెమ్మగిల్లాయి, నవ్వూ వచ్చింది. ఈయనకి మనుషుల కష్టం ఎక్కదనుకున్నందుకు తన నెత్తిన తానే ఒక మొట్టికాయ వేసుకోవాలనిపించింది.

అందరూ కార్యదర్శికేసి చూశారు. ఆయన ఏదో అనబోయాడు. బుగ్గ కదలగానే "అబ్బా" అన్నాడు. ఆయనకి బదులు ఆయన భార్య లేచింది.

"ఆయనేం మాట్లాడతారు? శుక్రవారం పన్ను నొప్పని ఆ ఆసుపత్రికే కారులో బయల్దేరాం. గేటు, ఫ్లైఓవరు, యూటర్న్, ట్రాఫిక్కు. దారిపొడుగునా ఒకటే మూలుగు. అక్కడికెళ్ళేసరికి డాక్టరుగారు వెళ్ళిపోయారు. ఆసుపత్రి ముందు నిలబడి చూస్తే, మా పెరట్లో ఆరేసిన చీర కనిపించింది! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కదా! తాళం చెవి నా దగ్గరుంది. రేపు పొద్దున్నే గేటు తీస్తాను. ముందు ఈ అమ్మాయి, వెనకాలే మీరు. ఏమంటారు?"

కార్యదర్శి మఫ్లరులోంచి తలూపాడు. అవునన్నాడో కాదన్నాడో ఎవరికీ తెలియలేదు గానీ, అవుననే లెక్క వేసుకున్నారు.

సోమవారం పొద్దున్న మామగారు ముందు, కోడలు వెనక. పెద్దమ్మ ఇంటి ముందు తలుపులోంచి వెళ్ళి, వంటింట్లో సీసా మూత తీసి, పెరటి తలుపులోంచి సందులో పడ్డారు. "నీ వంకాయల డబ్బులు తర్వాత తీసుకో" అని పెద్దమ్మ వెనక నుంచి కేకేసింది. మాస్టారింట్లో పిల్లలు అలవాటుగా లేచి నిలబడ్డారు. వీధి దాటి కార్యదర్శి ఇంట్లో అడుగుపెడితే, ఆయన అప్పటికే బుగ్గ పట్టుకుని చెప్పులేసుకుని రెడీగా ఉన్నాడు. వెనక గేటు కిర్రుమని తెరుచుకుంది. ఎదురుగా తెల్ల పన్ను.

కోడలు సంతోషంగా సంచీలో చెయ్యి పెట్టింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మామయ్యా! ఆసుపత్రి తాళాలు... బల్లమీద మరిచిపోయాను."

డాక్టరమ్మ వచ్చే వేళ అవుతోంది. మెట్లమీద అప్పటికే ఇద్దరు మూలుగుతున్నారు. 

మామగారు ముందుకి చూశారు. ముందుకెళితే ఫ్లైఓవరు, యూటర్న్, రెండు బస్సులు. ఆయన పెదవులు బిగించారు. స్టీరింగు పట్టుకున్నట్టు రెండు చేతులూ గాలిలో తిప్పారు. వెనక్కి తిరిగారు.

కార్యదర్శి భార్య చేతిలోంచి గరిటె జారింది. మాస్టారు పాట మధ్యలో ఆపేశారు. "వన్‌వే గారు వెనక్కొస్తున్నారు!" అని పిల్లలు అరిచారు. పెద్దమ్మ "ఏమైంది నాయనా?" అంటూ దారిచ్చింది. వెళ్ళిన గుమ్మంలోంచే లోపలికొచ్చిన భర్తను చూసి అత్తగారు నిలబడ్డచోటే కూలబడ్డారు.

"ఎవరికేమైందండీ? చెప్పండి, నేను తట్టుకుంటాను!"

"తాళాలే!" అని మామగారు బల్లమీద గుత్తి అందుకుని మళ్ళీ పరిగెత్తారు.

డాక్టరమ్మ వచ్చేసరికి తలుపు తెరిచి ఉంది, లైట్లు వెలుగుతున్నాయి, కార్యదర్శి నోరు తెరుచుకుని కుర్చీలో ఉన్నాడు. ఆమె కోడలికేసి చూసింది, గడియారంకేసి చూసింది, ఖాళీ బస్టాపుకేసి చూసింది.

"ఎలా వచ్చావు?"

"పాటల మాస్టారింట్లోంచి డాక్టరుగారూ."

డాక్టరమ్మకి ఏమీ అర్థం కాలేదు. "ఎలాగో ఒకలా వస్తున్నావు, అంతే చాలు" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ టీ తాగుతున్నారు. అత్తగారు మాత్రం కప్పు ముట్టుకోకుండా మొగుడికేసే చూస్తున్నారు.

"కోడలి తాళాలకైతే తిరిగారు," అన్నారు చివరికి. "ఆ రోజు నా చెప్పుకి నాలుగడుగులు వెనక్కి వెయ్యలేదే?"

మామగారు తన కప్పు కింద పెట్టారు.

"అప్పుడు అన్ని దారులుండేవే," అన్నారు. "ఎటు వెళ్ళినా నీ దగ్గరికే వచ్చేవాణ్ణి. ఇప్పుడు ఒక్కటే ఉంది."

అత్తగారు ఆ జవాబుకి కోప్పడాలో మురిసిపోవాలో తెలియక కాసేపు తికమకపడ్డారు. తర్వాత చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, లేచి చెప్పులేసుకున్నారు.

"పదండి. ఆ రేడియో నేనూ వింటాను. పెద్దమ్మగారింట్లోంచేగా?"